తమ్ముణ్ణి కొనుక్కున్నావిడ

మధ్యాహ్నమే బడి నుంచి పంపించేసిన అక్షిత సంచీ దించలేదు, బూట్లు విప్పలేదు. తిన్నగా వెళ్లి కుట్టుమిషనుకీ గోడకీ మధ్య సందులో దూరి కూర్చుంది. ఎనిమిదేళ్ల పిల్ల పట్టే సందు కాదది. అయినా పట్టింది.

“అన్నం తిని కూర్చో తల్లీ,” అంది కృపావతి వంగి చూస్తూ.

పలకలేదు.

“పోనీ కాసిని పాలు తాగు.”

అదీ లేదు. పిల్ల రెండు చేతులతోనూ నోరు గట్టిగా మూసుకుని ఉందని కృపావతి అప్పుడు గమనించింది. పన్ను నొప్పేమో అనుకుంది.

అదే హాల్లో ప్రియ ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతోంది. “అవునా మేడం... అలాగే అందా?... లేదండీ, మాకెప్పుడూ చెప్పలేదు.” ఫోను పెట్టేసి తల్లి దగ్గరికి వచ్చింది. ముఖంలో రక్తం లేదు.

“ఏవైందే?”

“క్లాసులో ఎవరో అమ్మాయి, తమ్ముడు పుట్టాడని చాక్లెట్లు పంచిందట. ఇది లేచి నిలబడి, నాకూ ఒక తమ్ముడున్నాడు, వాణ్ణి అమ్మేశారు అందట.”

“అమ్మేశారా?”

“అదే మాట. టీచరు హడలిపోయి పిల్లల హెల్ప్‌లైనుకి ఫోను చేసింది. లావణ్యగారు బయల్దేరారట. ఇంకాసేపట్లో ఇక్కడుంటారు.”

లావణ్య పేరు వింటే ఆ ఇంట్లో అందరూ సర్దుకుని కూర్చుంటారు. పిల్లల సంరక్షణ చూసే అధికారిణి ఆవిడ. రెండేళ్ల క్రితం కోడూరు దగ్గర కరకట్ట మీద ఆటో బోల్తాపడి తల్లీ తండ్రీ పోతే, అక్షితని చెయ్యి పట్టుకుని బందరు చిలకలపూడిలోని ఈ ఇంటికి తీసుకొచ్చింది ఆవిడే. దత్తత కాదు, పెంపకానికి మాత్రమే. వచ్చే నెల మళ్లీ పిల్లల సంక్షేమ కమిటీ ముందుకి వెళ్లాలి. పిల్ల బాగుంది, ఇల్లు బాగుంది అనిపిస్తే పొడిగిస్తారు. లేదంటే లేదు.

ఆ లేదంటే అన్న మాటే కృపావతి ప్రాణం తోడేస్తోంది. నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఎన్ని వందల మంది పసివాళ్లని చేతుల్లోకి తీసుకుని తల్లులకి అందించిందో లెక్కలేదు. చేతికొచ్చిన పిల్లని తిరిగి అప్పగించాల్సి వస్తుందేమోనన్న భయం ఎలా ఉంటుందో ఆ ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు.

“చిన్నపిల్ల. ఏదో అంటుంది. దానికే ఇంత హడావుడా?” అంది.

“అమ్మేశారు అంటే చిన్న మాటా అమ్మా?”

“తమ్ముడే లేనప్పుడు అమ్మేదేంటే? ఉంటే లావణ్యగారికి తెలీదా? నీ కంప్యూటరుకి తెలీదా?”

నిజానికి ఆ మాటే ప్రియకీ ధైర్యం. ఆమె చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే తండ్రి డేవిడ్ రాజు, “మా అమ్మాయి పిల్లల లెక్కలు కడుతుందండీ,” అని తేల్చేస్తాడు. అదేమీ తప్పు కాదు. అంగన్‌వాడీలో, బళ్లో, ఆసుపత్రిలో, సంక్షేమ కమిటీలో ఎవరికి వాళ్లు రాసుకున్న పిల్లల వివరాలన్నీ ఒక చోటికి చేర్చి, అమ్మానాన్నలు లేని పిల్లలు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు, బడికి వెళ్తున్నారా అని చూసే అధ్యయనం అది. పేర్లు ఆమెకి కనపడవు. ప్రతి బిడ్డా ఒక నంబరు. తల్లి పేరూ ఊరూ కలిస్తే ఆ నంబర్లని తోబుట్టువులుగా కంప్యూటరే పక్కపక్కన చేరుస్తుంది. ఆ నియమం రాసింది ప్రియే.

కృష్ణా, ఏలూరు జిల్లాల్లో అలా చూసిన పిల్లల్లో, అక్కాతమ్ముళ్లని విడదీసి వేరు వేరు ఇళ్లకిచ్చిన కేసు ఒక్కటీ కనపడలేదు. రేపు కలెక్టరేట్ సమావేశంలో ఆమె చదవబోయే కాగితంలో అన్నిటికంటే గొప్ప వాక్యం అదే. వారం రోజులుగా దాన్ని ఇంట్లో కూడా అందరికీ వినిపిస్తోంది.

“నాకు తెలిసి లేడు,” అంది ప్రియ చివరికి. “అయినా ఆవిడ రానీ.”

లావణ్య వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. చెప్పులు విప్పేసి కుట్టుమిషను పక్కన నేల మీద చతికిలబడింది. ఆ మనిషిలో కృపావతికి నచ్చేదీ భయపెట్టేదీ కూడా అదే. పిల్లల ఎత్తుకి వంగి మాట్లాడుతుంది. పిల్లలు ఆవిడకి అన్నీ చెప్పేస్తారు.

“అక్షితా, నన్ను గుర్తుపట్టావా? బస్సులో నీకు సపోటాలు కొనిపెట్టాను.”

తల ఊగింది.

“తమ్ముడి పేరేంటి?”

వంటింట్లో పాలు పొంగుతున్న చప్పుడు. డేవిడ్ రాజు వీధి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాడు, నిలబడటం అలవాటు.

“చంటోడు,” అంది అక్షిత వేళ్ల సందుల్లోంచి.

“చంటోణ్ణి ఎవరు కొనుక్కున్నారమ్మా?”

“రత్నమామ్మ.”

“ఎవరామె?”

“మా పక్కిల్లు. పాలకాయతిప్ప పోయే దారిలో.”

“ఎందుకు అమ్మారు?”

అంతే. చేతులు మళ్లీ నోటి మీద బిగిసిపోయాయి. కళ్లనిండా నీళ్లు. ఎంత బతిమాలినా ఇక ఒక్క ముక్క బయటికి రాలేదు.

కాఫీ గ్లాసులతో వస్తున్న కృపావతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆమెకి ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. ఆ అమ్మకం ఎలాంటిదో ఆమెకి తెలుసు. అలా అమ్ముడుపోయినవాడు ఆమె పుట్టింట్లోనే ఒకడున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు, హాల్లో ఉన్న భయమంతా నవ్వై ఎగిరిపోతుంది.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకే ఇంకో ఆలోచన వచ్చి దాన్ని మింగేసింది.

“రత్నమ్మ...” లావణ్య లేచి నిలబడింది. “ఉండండి. పాలకాయతిప్ప వైపు రత్నమ్మ అనే ముసలావిడ పోతే, ఆవిడ కొడుకని చెప్పి ఒక పసివాణ్ణి మా దగ్గరికి తెచ్చారు. ఆటో ప్రమాదం అయిన కొన్నాళ్లకి. బర్త్ సర్టిఫికెట్ లేదు, అంగన్‌వాడీలో రాసిందే ఆధారం. తల్లి రత్నమ్మ అనే ఉంది. ఆ వయసులో కొడుకేంటా అని అప్పుడే అనుకున్నాం.”

“ఇప్పుడు ఎక్కడున్నాడండీ?” అన్నాడు డేవిడ్ రాజు.

“కొన్నాళ్లు గుడివాడలో ఉంచి ముదినేపల్లిలో ఒక ఇంటికిచ్చాం. పేర్లు చెప్పకూడదు. జిల్లాలు విడిపోయాక ఆ మండలం ఏలూరులోకి పోయింది, ఫైలు కూడా అటే వెళ్లిపోయింది.”

“అయితే వాడు అక్షిత తమ్ముడేనంటారా?” కృపావతి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ప్రియ అడ్డుపడింది. “కాదమ్మా. తల్లి పేరు వేరు. విడిపోయిన తోబుట్టువులు ఒక్కరూ లేరు, నేను రెండు జిల్లాలూ చూశాను.”

“అదే నా భయం కూడాను,” అంది లావణ్య. “తమ్ముడు కాదు, అయితే అక్షితని తెచ్చినప్పుడే ఊళ్లో ఎవరో ఒకరు చెప్పేవారు. రత్నమ్మ కన్నవాడూ కాదు. అంటే ఎవరి దగ్గరో పిల్లాణ్ణి కొన్నారన్నమాట. ఇది పిల్లల అమ్మకం కేసవుతుంది. ఏలూరు వాళ్లకి ఇప్పుడే చెప్పాలి. విచారణ తేలేదాకా బాబుని హోములో పెట్టాల్సిందే.”

“పెంచుతున్నవాళ్ల దగ్గర్నుంచి లాక్కుంటారా?” అన్నాడు డేవిడ్ రాజు.

“లాక్కోవడం కాదండీ... మేమూ ఇష్టపడి చెయ్యం కదా.” ఆవిడ కాఫీ గ్లాసు అందుకుంటూ కృపావతి వైపు తిరిగింది. “మీ పుట్టిల్లు కోడూరు వైపే కదండీ? అటుపక్క పసిపిల్లల్ని ఇలా అమ్మడాలు ఎప్పుడైనా విన్నారా?”

డేవిడ్ రాజు భార్య ముఖంలోకి సూటిగా చూశాడు. ఆమె మాత్రం కాఫీ గ్లాసు వైపే చూస్తోంది.

“లేదండీ,” అంది కృపావతి. “మేమెప్పుడూ వినలేదు.”

లావణ్య స్కూటీ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. ప్రియ లాప్‌టాప్ తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

పెరట్లో బట్టలు తీస్తున్న కృపావతి వెనకాలే డేవిడ్ రాజు వచ్చి నిలబడ్డాడు.

“ఎందుకలా అన్నావు?”

“ఏమన్నాను?”

“వినలేదన్నావు.”

“మెల్లిగా మాట్లాడండి. అమ్మాయి వింటుంది.”

“పెళ్లైన దగ్గర్నుంచీ మీ తమ్ముణ్ణి తవుడూ, తవుడూ అని పిలుస్తున్నాను నేను. మీ అమ్మ నాకు కథంతా చెప్పింది కూడా. నువ్వేమో ఆ మాటే వినలేదని ఆవిడ ముఖం మీద చెప్పావు.”

కృపావతి తీసిన బట్టలే మళ్లీ దండెం మీద వేస్తోంది. తడి ఆరినవని కూడా తెలియడం లేదు.

“మీరూ అక్కడే ఉన్నారుగా. మీరెందుకు చెప్పలేదు?” అంది.

ఆయన జామచెట్టు వైపు చూశాడు.

“నువ్వు చెప్తావనుకున్నాను,” అన్నాడు. “తర్వాత నువ్వు చెప్పలేదు కదా, నేను చెబితే నీకు తలవంపులని ఊరుకున్నాను. అది కూడా అబద్ధమేలే. నాకూ భయమేసింది.”

ఆ మాటతో కృపావతి కట్ట తెగింది.

“ఇద్దరూ ఒకే తల్లి పిల్లలని తేలితే ఏం చేస్తారో తెలుసా మీకు? ఒకే ఇంట్లో ఉంచుతారు. రూలదే. మనకిద్దర్నీ ఇస్తారా? మన వయసు చూస్తారు. మీ గుండె ఆపరేషను చూస్తారు. ముదినేపల్లి వాళ్లు ఖచ్చితంగా మనకంటే పడుచువాళ్లై ఉంటారు. దీన్ని తీసుకెళ్లి అక్కడ దింపుతారు. వచ్చే నెలే దింపుతారు. నేనుండలేనండీ. నాకు చేతకాదు.”

“మరి ఆ పిల్లాడు?”

“వాణ్ణి చూసుకోవడానికి బోలెడుమంది ఉన్నారు.”

“హోములో పెడతారట. అమ్మకం కేసట. చచ్చిపోయిన రత్నమ్మని దొంగని చేస్తున్నారు. ముదినేపల్లి వాళ్లు ఏం పాపం చేశారు?”

“మీరు నాకు చెప్పక్కర్లేదు. అన్నీ నాకు తెలుసు.”

తెలిసి చేసిన పనికి ఎవరు మాత్రం ఏం చెప్తారు? డేవిడ్ రాజు దండెం మీది బట్టలు తనే తీసి భుజం మీద వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అవనిగడ్డ బస్సు దిగి సీమోను వచ్చాడు. చేతిలో తడిగోనెసంచి. అందులో పీతలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గీరుతున్నాయి. కృపావతి ఒక్కగానొక్క తమ్ముడతను. కోడూరులో రొయ్యల చెరువులు చూసుకుంటాడు. వచ్చాడంటే వీధి చివరనుంచే వినపడతాడు.

“ఏంటి బావా, ఇల్లంతా అలా ఉంది? చర్చిలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు. మా మేనకోడలేది? ఆ చిన్నది ఏది?”

“రారా తవుడూ,” అన్నాడు డేవిడ్ రాజు. ఎప్పుడూ అన్నట్టే అన్నాడు. కానీ ఆ మాట తన నోటినుంచి రాగానే ఉలిక్కిపడి భార్య వైపు చూశాడు.

ఆ చూపు ప్రియ కంట్లో పడింది.

పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకి అతను తవుడు మావయ్యే. ఆ పేరెందుకొచ్చిందని ఎప్పుడూ అడగలేదు. చిన్నప్పుడు తవుడు తినేవాడేమో అనుకుంది. మధ్యాహ్నం నుంచీ బుర్రలో ఏదో గుచ్చుకుంటూనే ఉంది. కారణం తెలియకుండానే అడిగేసింది.

“మావయ్యా, నిన్ను తవుడని ఎందుకంటారు?”

“పీతలు చచ్చిపోతాయి, ముందు ఆ సంచి పెరట్లో పెట్టు,” అంది కృపావతి.

“పెడతాలే అక్కా. అదా ప్రియమ్మా? ఇన్నేళ్లు వచ్చాయి, ఇప్పుడడుగుతున్నావా?” సీమోను పడక్కుర్చీలో కూలబడి నవ్వాడు. “మా అమ్మకి నా ముందు ఇద్దరు మగపిల్లలు పోయార్లే. నేను పుట్టగానే...”

“సీమోనూ.”

“చెప్పనీవే అక్కా, సిగ్గేముంది? నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటి సుబ్బమ్మకి తవుడుకి అమ్మేసింది. చేటెడు తవుడు, అంతే నా ఖరీదు. సంఘంలో తెలిస్తే పాస్టరుగారు కేకలేస్తారని దొంగచాటుగా చేసిందట. ఇంక ఎవరడిగినా వీడు సుబ్బమ్మ కొడుకనే చెప్పాలి. ఆ తల్లి పిల్లలు దక్కట్లేదు కదా, ఈ తల్లి పేరు చెబితే చావు దారి తప్పి వెళ్లిపోతుందని. పేరుకే అమ్మకం. పాలు తాగిందీ పెరిగిందీ మా అమ్మ దగ్గరే. బళ్లో వేసేదాకా నా తల్లి పేరు సుబ్బమ్మే అనుకో.”

ప్రియ కదలకుండా నిలబడింది.

అప్పుడు కుట్టుమిషను వెనకనుంచి కదలిక. మిషను మీద కప్పిన పెడన అద్దకం దుప్పటి పక్కకి తొలగింది. అక్షిత మోకాళ్ల మీద పాక్కుంటూ బయటికొచ్చింది. జుట్టంతా బూజు. తిన్నగా సీమోను దగ్గరికి వచ్చి అతని చెయ్యి తాకి చూసింది.

“నువ్వు చచ్చిపోలేదా మావయ్యా?”

సీమోను పగలబడి నవ్వాడు. “చచ్చినవాడు బందరు బస్సెక్కి పీతలు తెస్తాడా తల్లీ?”

“మరి ఇప్పుడు చెప్పేశావుగా. చెబితే చచ్చిపోతారంట. మా అమ్మ చెప్పింది. చంటోడు నా తమ్ముడని ఎవరికీ చెప్పకూడదంట. రత్నమామ్మ కొడుకనే చెప్పాలంట. నేను ఇన్నాళ్లూ చెప్పలేదు.” అతని చెయ్యి ఇంకా వదల్లేదు. “ఇవాళ చెప్పేశాను.”

సీమోను నవ్వు ఆగిపోయింది. ఏదో పెద్ద విషయంలో కాలు పెట్టానని అతనికీ అర్థమైంది. పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

“నేను ఊళ్లో ప్రతివాడికీ చెప్పుకుంటాను. చూడు, దున్నపోతులా ఉన్నాను. ఏం కాదు. వాడికీ ఏం కాదు.”

కృపావతి గోడకి ఆనుకుంది. మధ్యాహ్నం నుంచి ఆ పిల్ల ఆ సందులో కూర్చుని తమ్ముణ్ణి చంపేశానని ఏడుస్తోంది. తనేమో పన్ను నొప్పి అనుకుంది. నిజం తెలిశాక కూడా నోరు విప్పలేదు. ఒక్క మాటతో ఆ భయం తీసేయగలిగి ఉండీ తీయలేదు. ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది.

“నీకు తెలుసు,” అంది ప్రియ.

“ప్రియా, పిల్ల ముందు వద్దు.”

“మావయ్యా, కాసేపు దాన్ని పెరట్లోకి తీసుకెళ్లు. పీతలు చూపించు.” వాళ్లు వెళ్లేదాకా ఆగింది. “ఆవిడ అడిగినప్పుడే నీకు తెలుసు కదమ్మా. రత్నమ్మ పేరు వినగానే తెలుసు.”

“తెలుసు.”

“తెలిసి అబద్ధం చెప్పావా?”

“చెప్పాను. దీన్ని తీసుకుపోతారని చెప్పాను. ఇంకా ఏం కావాలి నీకు?” కృపావతి గొంతు లేచింది. “నువ్వు చెప్పలేదా? విడిపోయినవాళ్లు ఒక్కరూ లేరని ఎంత గర్వంగా చెప్పావు! ఇంతసేపూ ఏడ్చి పెరట్లోకెళ్లింది చూడు నీ ఒక్కరూ లేనిది!”

“నాది తెలియక చేసింది.”

“అయితే రేపు అందరి ముందూ నిలబడి, నా లెక్క తప్పని చెప్తావా?”

ప్రియ లాప్‌టాప్ ఉన్న తన గది వైపు చూసింది.

చెప్తానని అనలేకపోయింది. అంత వెంటనే అనలేకపోయినందుకు తనకే సిగ్గేసింది. తల్లి పేరు మీద పిల్లల్ని కలపాలన్నది ఎవరో పెట్టిన నియమం కాదు, తను పెట్టిందే. తల్లి పేరు కంటే నమ్మకమైనది ఏముంటుందనుకుంది. బిడ్డ బతకాలని తల్లి తన పేరునే దాచేస్తుందని ఆమెకి తోచలేదు. గుమ్మంలోకి వచ్చి అడిగిన అంగన్‌వాడీ టీచరుకి రత్నమ్మ నా బిడ్డే అని చెప్పి ఉంటుంది. కన్నతల్లి పక్కనే నిలబడి అవునని తలూపి ఉంటుంది, ఆ తల్లి పోయాక కూడా రత్నమ్మ మాట మార్చి ఉండదు. అలా తలూపిన తల్లులు ఇంకెంతమంది? తన లాప్‌టాప్‌లో ఎవరికీ ఏమీ కాకుండా ఒంటరిగా పడున్న నంబర్లలో ఎంతమందికి ఎక్కడో ఒక అక్క ఉందో?

“రేపటి సంగతి రేపు,” అన్నాడు డేవిడ్ రాజు. “ముందు ఆ పిల్లాణ్ణి హోముకి తీసుకెళ్లకుండా ఆపాలి. ఎవరో ఒకరు ఫోను చెయ్యండి. మీరిద్దరూ చెయ్యకపోతే నేను చేస్తాను. కాకపోతే నాకు మాటలు రావు, ఏడుస్తాను.”

ఎవరూ ఫోను అందుకోలేదు. ఫోను బల్ల మీదే ఉంది. తల్లీ కూతుళ్లు దాన్ని చూస్తున్నారు, ఒకరినొకరు చూసుకోవడం లేదు.

పెరటి తలుపు తోసుకుని అక్షిత వచ్చింది. బుగ్గల మీద ఏడ్చిన చారలు అలాగే ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. రెండేళ్లుగా ఆ ముఖంలో అంత వెలుగు కృపావతి చూడలేదు.

“అమ్మమ్మా, మావయ్య ఏం కాదన్నాడు! చెప్పినా ఏం కాదంట! చంటోడు ఎక్కడున్నాడు? ఆంటీ ముదినేపల్లి అంది కదా. దగ్గరేనా? బస్సుందా?”

“ఉంది,” అన్నాడు డేవిడ్ రాజు. “గుడివాడలో మారాలి.”

“వాడికి పెరుగన్నం కలిపిపెట్టాలి. గట్టిగా కలిపితే తినడు. నేను పెడితేనే తింటాడు.” ఉన్నట్టుండి ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు కృపావతి కొంగు పట్టుకుంది. “వాడొస్తే నన్ను పంపించేస్తారా అమ్మమ్మా?”

అప్పటిదాకా కృపావతి ఆపుకున్నదంతా ఒక్కసారిగా పొంగింది. పంపించనని చెప్పాలని ఉంది. అది తన చేతుల్లో లేదని తెలుసు. పిల్లకి ఇంకో అబద్ధం చెప్పదలుచుకోలేదు. కొంగు విడిపించుకోకుండానే వెళ్లి బల్ల మీది ఫోను తీసింది.

“నేనే చేస్తాను,” అంది. “అబద్ధం చెప్పింది నేను కదా.”

ఫోను మోగుతోంది. ప్రియ వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది. సీమోను చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

“లావణ్యగారూ, నేనండీ కృపావతిని. ఇందాక మీరడిగినదానికి నేను అబద్ధం చెప్పాను. ఆ అమ్మకం నాకు తెలుసు. మా సొంత తమ్ముణ్ణే అలా అమ్మారు. పుట్టిన మగబిడ్డలు దక్కని తల్లి పేరుకి పక్కింటావిడకి తవుడుకి అమ్ముతుందండీ. అంతే. అందులో నేరం ఏమీ లేదు. ఆ బాబు అక్షిత తమ్ముడే, ఒకే తల్లి పిల్లలు. రత్నమ్మని ఏమీ అనకండి. ముదినేపల్లి వాళ్లని ఏమీ అనకండి. బాబుని హోముకి తీసుకెళ్లొద్దని ఏలూరు వాళ్లకి చెప్పండి. నా మీద ఏం రాసుకున్నా సరే. అక్షిత విషయం కమిటీ ఎలా అంటే అలాగే.”

ఊపిరి పీల్చుకోకుండా చెప్పేసింది. అవతల ఎవరో దూరంగా మాట్లాడుతున్న చప్పుడు, బండ్ల హారన్లు.

“లావణ్యగారూ, వింటున్నారా అండీ?”

“వింటున్నానండీ.” ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “ఈ మాట ఇందాకే చెప్పుంటే ఎంత బాగుండేదండీ కృపావతిగారూ.”

“ఏవైంది?”

“నేను మీ ఇంట్లోంచి వెళ్లగానే ఏలూరు వాళ్లకి చెప్పాను. వాళ్లు ముదినేపల్లికి ఫోను చేసి, బాబుని సిద్ధంగా ఉంచండి, వచ్చి తీసుకెళ్తాం అన్నారు. ఇప్పుడే మనుషులు ఆ ఇంటికి వెళ్లారు. తాళం వేసి ఉంది. ఆ దంపతులు బాబుని తీసుకుని ఎటో వెళ్లిపోయారు. రెండు ఫోన్లూ ఆపేశారు. కైకలూరు రైల్వే స్టేషన్లో కూడా వెతికారు, లేరు. పోలీసులకి చెప్పక తప్పలేదు.”

ఫోను స్పీకరులో లేదు. అయినా కృపావతి ముఖం చూస్తే హాల్లో అందరికీ తెలిసిపోయింది.

అక్షిత కూడా ఆ ముఖమే చూస్తోంది. కళ్లార్పకుండా చూస్తోంది. పట్టుకున్న కొంగు వదిలేసింది.

“చంటోడు లేడా?” అంది.

డేవిడ్ రాజు పిల్ల వైపు ఒక అడుగు వేశాడు.

“నేను చెప్పబట్టేనా?”

జవాబు కోసం ఆగలేదు. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ మళ్లీ కుట్టుమిషను సందులోకి వెళ్లిపోయింది.